రక్త ఫలకికల నిల్వ కణికలు

'''రక్త ఫలకికల నిల్వ కణికలు''' అనగా రక్తంలోని ఫలకికల లోపల పలుచని పొరలతో కప్పబడి ఉండే అతి సూక్ష్మమైన సంచులు. రక్త ఫలకికలను వాడుకలో ప్లేట్‌లెట్లు అంటారు. రక్తనాళానికి గాయమైనప్పుడు ఫలకికలు అక్కడ చేరి, ఒకదానికొకటి అతుక్కొని, రంధ్రాన్ని మూసివేస్తాయి. ఈ పనికి అవసరమైన రసాయనాలు, ప్రోటీనులు ముందుగానే తయారై ఈ కణికలలో నిల్వ ఉంటాయి. గాయం తగలగానే కణికలు తమలోని పదార్థాలను బయటికి వదులుతాయి. కణికలు లేకపోయినా, ఖాళీగా ఉన్నా, ఫలకికల సంఖ్య సరిపోయినంత ఉండి కూడా రక్తస్రావం సులభంగా ఆగదు. అందువలన ఫలకికల సంఖ్య ఎంత ముఖ్యమో వాటి లోపలి నిల్వ కూడా అంతే ముఖ్యం.

== పరిచయం ==

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి పొలాలలో పత్తి తీసే కూలీల వేళ్ళకు ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకోవడం నిత్యం జరిగేదే. వేలి చివర నుండి రెండు మూడు చుక్కల రక్తం వస్తుంది. కొంగుతో కాసేపు అదిమి పట్టి మళ్ళీ పనిలో పడతారు. కొద్ది నిమిషాలలో రక్తం దానంతట అదే ఆగిపోతుంది. ఇంత సామాన్యంగా కనిపించే ఈ సంఘటన వెనుక ఒక క్రమబద్ధమైన ఏర్పాటు ఉన్నది. ఆ ఏర్పాటులో మొదటి అడుగు ఫలకికలది.

ఆరోగ్యవంతుని రక్తంలో ఒక మైక్రోలీటరుకు సుమారు 1,50,000 నుండి 4,50,000 వరకు ఫలకికలు ఉంటాయి. ఒక్కొక్క ఫలకిక వ్యాసం 2 నుండి 3 మైక్రోమీటర్లు మాత్రమే. ఎర్ర రక్తకణంతో పోల్చినా ఇది చాలా చిన్నది. ఫలకికకు కేంద్రకం ఉండదు. కనుక అవసరం వచ్చినప్పుడు కొత్తగా ప్రోటీనులు తయారు చేసుకునే శక్తి దానికి చాలా తక్కువ. పైగా గాయం నుండి రక్తం కారుతున్నప్పుడు తయారీకి వ్యవధి కూడా ఉండదు. రైతు కోతల కాలంలోనే గాదె నింపుకొని ఏడాది పొడుగునా వాడుకున్నట్లు, ఫలకిక కూడా పుట్టే నాటికే తన గాదెలను నింపుకొని వస్తుంది. ఆ గాదెలే నిల్వ కణికలు.

== చరిత్ర ==

జర్మనీకి చెందిన మాక్స్ షుల్ట్జె 1865లో రక్తంలో కనిపించే చిన్న రేణువులను వర్ణించాడు. ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో 1882లో ఇవి ప్రత్యేకమైన రక్త భాగాలని, గాయమైన చోట రక్తనాళపు గోడకు అతుక్కొని రక్తస్రావాన్ని ఆపుతాయని చూపించాడు. ఇవి ఎముక మజ్జలోని పెద్ద కణాల నుండి విడివడతాయని అమెరికా వైద్యుడు జేమ్స్ హోమర్ రైట్ 1906లో తెలియజేశాడు.

సాధారణ సూక్ష్మదర్శినిలో ఫలకిక మధ్యభాగం ఊదారంగు చుక్కలతో కనిపిస్తుంది. ఆ చుక్కల నిర్మాణం తెలియడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. ఫలకికలను ఒకదానికొకటి అతుక్కొనేలా చేసే పదార్థం ఏడీపీ అని 1961లో నార్వే శాస్త్రవేత్తలు గుర్తించారు. మరుసటి సంవత్సరం, 1962లో, ఫలకికలు గుంపుకూడే తీరును కాంతి సహాయంతో కొలిచే పద్ధతిని గుస్తావ్ బార్న్ ప్రవేశపెట్టాడు. ఈయన ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బార్న్ కుమారుడు. ఈ పద్ధతి వైద్య ప్రయోగశాలలలో నేటికీ వాడుకలో ఉన్నది.

== కణికలు ఎలా తయారవుతాయి ==

ఫలకికలు ఎముక మజ్జలోని మెగాకేరియోసైట్ అనే బృహత్కణం నుండి పుడతాయి. ఈ కణం తన శరీరాన్ని పొడవైన పోగులుగా సాగదీస్తుంది. ఆ పోగులు మజ్జలోని రక్తనాళాలలోకి చొచ్చుకొనిపోయి, అక్కడ తునకలుగా విడిపోతాయి. ఒక్కొక్క తునక ఒక ఫలకిక. ఒక్క బృహత్కణం నుండి వెయ్యికి పైగా ఫలకికలు రావచ్చు. పెద్దవారి శరీరంలో రోజుకు సుమారు పదివేల కోట్ల ఫలకికలు తయారవుతాయి. ఒక్కొక్కటి 7 నుండి 10 రోజులు జీవిస్తుంది. ఏ సమయంలోనైనా మొత్తం ఫలకికలలో దాదాపు మూడవ వంతు ప్లీహంలో ఉంటాయి.

కణికలను నింపే పని బృహత్కణంలోనే మొదలవుతుంది. గాదెలోని ధాన్యంలో కొంత సొంత పంట, కొంత సంతలో కొన్నది ఉన్నట్లు, కణికలలోని సరుకు కూడా రెండు మార్గాలలో వస్తుంది.

* '''సొంత తయారీ:''' వాన్ విల్లెబ్రాండ్ కారకం, ఫలకిక కారకం-4 వంటి ప్రోటీనులను బృహత్కణమే తయారు చేసి కణికలలోకి పంపుతుంది.
* '''బయటి నుండి సేకరణ:''' ఫైబ్రినోజన్ అనే ప్రోటీను కాలేయంలో తయారై ప్లాస్మాలో తిరుగుతూ ఉంటుంది. దానిని బృహత్కణాలు, ఫలకికలు లోపలికి తీసుకొని కణికలలో దాచుకుంటాయి. మానవులలో ఐదవ గడ్డకట్టు కారకాన్ని కూడా ఇదే విధంగా ప్లాస్మా నుండి గ్రహిస్తాయి. సెరొటోనిన్ ముఖ్యంగా పేగుల గోడలలో తయారవుతుంది. ఫలకికలు రక్తంలో తిరుగుతూ దానిని పీల్చుకుంటాయి. రక్తంలోని సెరొటోనిన్‌లో దాదాపు అంతా ఫలకికలలోనే ఉంటుంది.

== కణికలలో రకాలు ==

ఫలకికలలో ముఖ్యంగా మూడు రకాల కణికలు ఉన్నాయి.

=== ఆల్ఫా కణికలు ===

సంఖ్యలోనూ పరిమాణంలోనూ ఇవే పెద్దవి. ఒక్కొక్క ఫలకికలో 50 నుండి 80 వరకు ఉంటాయి. వీటి వ్యాసం 200 నుండి 500 నానోమీటర్లు. వీటిలో ప్రధానంగా ప్రోటీనులు ఉంటాయి. ఇప్పటివరకు మూడు వందలకు పైగా ప్రోటీనులను వీటిలో గుర్తించారు. వాటిని చేసే పనిని బట్టి ఈ విధంగా విభజించవచ్చు.

* '''అతికించేవి:''' వాన్ విల్లెబ్రాండ్ కారకం, ఫైబ్రినోజన్, ఫైబ్రోనెక్టిన్, థ్రాంబోస్పాండిన్. ఇవి ఫలకికలను గాయపడిన గోడకు, ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి.
* '''గడ్డకట్టించేవి:''' ఐదవ కారకం మొదలైనవి. రక్తంలోని మొత్తం ఐదవ కారకంలో దాదాపు ఐదవ వంతు ఫలకికలలోనే ఉంటుంది.
* '''గాయాన్ని మాన్పేవి:''' ఫలకిక వృద్ధి కారకం, రక్తనాళ వృద్ధి కారకం మొదలైనవి. ఇవి కొత్త కణాల పెరుగుదలకు తోడ్పడతాయి.
* '''పిలుపునిచ్చేవి:''' ఫలకిక కారకం-4 వంటివి. ఇవి తెల్ల రక్తకణాలకు గాయం జాడ తెలుపుతాయి.
* '''పొరలో ఉండేవి:''' పీ-సెలెక్టిన్ అనే ప్రోటీను కణిక పొరలోనే ఉంటుంది. కణిక తెరుచుకున్నప్పుడు అది ఫలకిక ఉపరితలం మీదికి వచ్చి తెల్ల రక్తకణాలను పట్టుకుంటుంది.

=== సాంద్ర కణికలు ===

ఇవి ఒక్కొక్క ఫలకికలో 3 నుండి 8 వరకు మాత్రమే ఉంటాయి. వీటిలో కాల్షియం, ఫాస్ఫేట్లు గాఢంగా నిండి ఉండడం వలన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో, రంగు వేయకపోయినా, నల్లని చుక్కలవలె కనిపిస్తాయి. సాంద్ర కణికలనే పేరు అందువలననే వచ్చింది. వీటిలో ఉండేవి ప్రోటీనులు కావు, చిన్న అణువులు. అవి ఏడీపీ, ఏటీపీ, సెరొటోనిన్, కాల్షియం, మెగ్నీషియం, పాలీఫాస్ఫేట్. ఫలకికలలోని పాలీఫాస్ఫేట్ అరవై నుండి నూరు వరకు ఫాస్ఫేట్ భాగాలు గొలుసుగా చేరిన పదార్థం. ఇది మానవ ఫలకికల సాంద్ర కణికలలో ఉన్నదని 2004లో వెల్లడి అయింది.

=== లైసోసోములు ===

ఇవి చాలా కొద్ది సంఖ్యలో ఉంటాయి. వీటిలో ప్రోటీనులను, పిండిపదార్థాలను, కొవ్వులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. ఇవి తెరుచుకోవడానికి బలమైన ప్రేరణ కావాలి. రక్తపు గడ్డను సవరించడంలో, శుభ్రపరచడంలో వీటికి పాత్ర ఉన్నదని భావిస్తారు.

== కణికలు ఎలా తెరుచుకుంటాయి ==

రక్తనాళపు లోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ఫలకికలు దేనికీ అతుక్కోకుండా ప్రవహిస్తూ ఉంటాయి. ఆ పొర తెగినప్పుడు దాని కింద ఉన్న కొల్లాజెన్ పోగులు బయటపడతాయి. ఫలకికలు వాన్ విల్లెబ్రాండ్ కారకం సహాయంతో అక్కడ ఆగి, కొల్లాజెన్‌ను తాకుతాయి. ఆ స్పర్శతో ఫలకిక లోపల కాల్షియం స్థాయి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు ఈ కింది మార్పులు వరుసగా జరుగుతాయి.

# బిళ్ళవలె ఉన్న ఫలకిక గోళాకారం దాల్చి, చుట్టూ ముళ్ళవంటి పొడవులను చాస్తుంది.
# కణికల పొర మీద ఒక ప్రోటీను, ఫలకిక బయటి పొర మీద మరి రెండు ప్రోటీనులు ఉంటాయి. ఇవి పురితాడులవలె పెనవేసుకొని రెండు పొరలను దగ్గరకు లాగుతాయి. వీటిని స్నేర్ ప్రోటీనులు అంటారు.
# రెండు పొరలు కలిసిపోయి ద్వారం ఏర్పడుతుంది. కణికలోని పదార్థం బయటికి వస్తుంది.

ఫలకిక ఉపరితలం నుండి లోపలికి కాలువలవంటి సన్నని మార్గాలు ఉంటాయి. చాలా కణికలు తమ సరుకును ఈ కాలువలలోకి వదులుతాయి. అందువలన లోతుగా ఉన్న కణిక కూడా అంచు వరకు ప్రయాణించనవసరం లేదు. సాంద్ర కణికలు మిగిలిన వాటికన్న వేగంగా, ఆల్ఫా కణికలు వాటి వెనుక, లైసోసోములు అన్నిటికన్న ఆలస్యంగా తెరుచుకుంటాయి.

== గాయం మూసుకోవడంలో కణికల పాత్ర ==

గాయం వద్దకు మొదట చేరిన ఫలకికలు ఒక పలుచని వరుసగా మాత్రమే అతుక్కుంటాయి. రంధ్రాన్ని మూయడానికి అవి చాలవు. మిగిలిన ఫలకికలను పిలవాలి. ఆ పిలుపు సాంద్ర కణికలలోని ఏడీపీ. బయటికి వచ్చిన ఏడీపీ పక్కనుండి పోతున్న ఫలకికల మీద ఉన్న పీ2వై1, పీ2వై12 అనే గ్రాహకాలను తాకుతుంది. ఆ ఫలకికలు కూడా మేల్కొని, తమ కణికలను తెరిచి, మరింత ఏడీపీని వదులుతాయి. ఊరిలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే మొదట చూసినవాడు కేక వేయడం, ఆ కేక విన్నవారు తామూ కేకలు వేస్తూ పరుగెత్తడం వంటిదే ఇది. థ్రాంబాక్సేన్ అనే మరొక పదార్థాన్ని ఫలకికలు అప్పటికప్పుడు తయారు చేసి ఈ పిలుపుకు బలం చేకూరుస్తాయి.

అదే సమయంలో సెరొటోనిన్ దెబ్బతిన్న రక్తనాళాన్ని సంకోచింపజేసి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. మేల్కొన్న ఫలకికల ఉపరితలం మీద ఫైబ్రినోజన్‌ను పట్టుకొనే గ్రాహకాలు తెరుచుకుంటాయి. ఆల్ఫా కణికల నుండి, ప్లాస్మా నుండి వచ్చిన ఫైబ్రినోజన్ రెండు ఫలకికల మధ్య వంతెనగా నిలుస్తుంది. ఈ విధంగా కొద్ది నిమిషాలలో ఫలకికల ముద్ద ఏర్పడుతుంది.

ఈ ముద్ద తాత్కాలికమైనది. దానిని గట్టిపరచడానికి ఫైబ్రిన్ పోగుల వల కావాలి. ఫలకికల ఉపరితలం మీద ఐదవ కారకం, పదవ కారకం కలిసి ప్రోత్రాంబిన్‌ను థ్రాంబిన్‌గా మారుస్తాయి. థ్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. సాంద్ర కణికల నుండి వచ్చిన పాలీఫాస్ఫేట్ ఈ చర్యల వేగాన్ని పెంచి, పోగులను దృఢపరుస్తుంది. థ్రాంబిన్ తిరిగి ఫలకికలను ఇంకా బలంగా ప్రేరేపిస్తుంది. కావున ఫలకికలు, గడ్డకట్టు కారకాలు రెండు వేరువేరు వ్యవస్థలు కావు. ఒకటి లేనిదే మరొకటి సరిగా పనిచేయదు.

రక్తస్రావం ఆగిన తరువాత కూడా కణికల పని పూర్తి కాదు. ఆల్ఫా కణికలలోని వృద్ధి కారకాలు గాయం మానడానికి, కొత్త రక్తనాళాలు ఏర్పడడానికి తోడ్పడతాయి.

== ఏడీపీ, ఏటీపీ - యల్లాప్రగడ సుబ్బారావు ==

సాంద్ర కణికలలోని ఏటీపీ అనే అణువు కథలో ఒక తెలుగువాని పేరు ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళాడు. అక్కడ హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది జీవరసాయన విద్యార్థులకు సుపరిచితం. ఆ పద్ధతి సహాయంతోనే వారు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నాడు.

ఏటీపీ నుండి ఒక ఫాస్ఫేట్ విడిపోతే ఏడీపీ మిగులుతుంది. అన్ని కణాలలోనూ ఈ జంట శక్తి మార్పిడికి ఉపయోగపడుతుంది. ఫలకికలో మాత్రం ఒక విశేషం ఉన్నది. అందులోని ఏడీపీ, ఏటీపీలలో ఎక్కువ భాగం సాంద్ర కణికలలో వేరుగా దాచబడి ఉంటుంది. అది ఫలకిక రోజువారీ శక్తి అవసరాలకు ఖర్చు కాదు. గాయమైనప్పుడు సంకేతంగా వాడడానికే ప్రత్యేకించబడినది. రైతు తినే గింజలను, విత్తనపు గింజలను వేరువేరుగా ఉంచినట్లే ఇది.

== కణికల లోపాలు ==

నిల్వ కణికలలో లోపాలు ఉండే వ్యాధులను నిల్వ లోప వ్యాధులు అంటారు. ఇవి అరుదైనవి.

* '''బూడిదరంగు ఫలకికల వ్యాధి:''' దీనిలో ఆల్ఫా కణికలు ఉండవు, లేదా ఖాళీగా ఉంటాయి. రంగు వేసి చూసినప్పుడు ఫలకికలు చుక్కలు లేకుండా బూడిదరంగులో కనిపిస్తాయి. 1971లో దీనిని మొదటగా వర్ణించారు. దీనికి కారణమైన ఎన్‌బీఈఏఎల్2 అనే జన్యువును 2011లో గుర్తించారు. కణికలలో నిలవని వృద్ధి కారకాలు ఎముక మజ్జలోకి కారి అక్కడ నారవంటి కణజాలాన్ని పెంచుతాయని భావిస్తారు.
* '''హెర్మాన్‌స్కీ-పుడ్లాక్ వ్యాధి:''' దీనిని 1959లో ఇద్దరు చెక్ వైద్యులు వర్ణించారు. దీనిలో సాంద్ర కణికలు ఉండవు. చర్మానికి, వెంట్రుకలకు, కళ్ళకు రంగునిచ్చే కణికలు కూడా సరిగా ఏర్పడవు. కనుక రోగికి పుట్టుకతోనే వర్ణహీనత, చూపు మందగించడం ఉంటాయి. ప్యూర్టోరికో ద్వీపంలో ఈ వ్యాధి ఎక్కువ.
* '''చెడియాక్-హిగాషి వ్యాధి:''' వర్ణహీనత, సాంద్ర కణికల లోపంతో పాటు రోగనిరోధక శక్తి కూడా తక్కువగా ఉంటుంది. పిల్లలకు తరచుగా తీవ్రమైన అంటువ్యాధులు సోకుతాయి.

ఈ వ్యాధులున్నవారికి చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, ముక్కు నుండి తరచుగా రక్తం కారడం, పన్ను తీసిన తరువాత రక్తం ఆగకపోవడం, స్త్రీలకు నెలసరిలో అధిక రక్తస్రావం వంటి లక్షణాలు ఉంటాయి. సాంద్ర కణికలు లేనివారిలో ఫలకికల సంఖ్య సాధారణంగానే ఉంటుంది. సంఖ్య మాత్రమే చూసి 'అంతా సరిగానే ఉంది' అనుకొనే ప్రమాదం ఇక్కడే ఉన్నది. పుట్టుకతో వర్ణహీనత ఉన్న బిడ్డకు తరచుగా చర్మం కమిలిపోతూ ఉంటే, శస్త్రచికిత్సకు గాని, పన్ను తీయడానికి గాని ముందే ఆ విషయం వైద్యునికి తెలియజేయడం ప్రాణరక్షకం కాగలదు.

పైన పేర్కొన్న మూడు వ్యాధులూ తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా రెండు లోపపు జన్యువులు వచ్చినప్పుడే బయటపడతాయి. ఒక్కటే వచ్చినవారు ఆరోగ్యంగానే ఉంటారు. దగ్గర బంధువులలో ఒకే లోపపు జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. తెలుగునాట మేనమామను, మేనత్త కుమారుని, మేనమామ కుమారుని వివాహమాడే మేనరికపు ఆచారం అనాదిగా ఉన్నది. అందరికీ ఇటువంటి వ్యాధులు వస్తాయని దీని అర్థం కాదు. అయితే కుటుంబంలో రక్తస్రావ వ్యాధి ఉన్నప్పుడు మేనరికం నిశ్చయించుకొనే ముందు వైద్యసలహా తీసుకోవడం మంచిది.

== పరీక్షలు ==

ఫలకికల సంఖ్యను యంత్రంతో లెక్కిస్తారు. రక్తపు పూతను సూక్ష్మదర్శినితో చూసి వాటి పరిమాణాన్ని, రంగును గమనిస్తారు. పనితీరు తెలుసుకొనడానికి ఏడీపీ, కొల్లాజెన్ వంటి పదార్థాలను కలిపి ఫలకికలు గుంపుకూడే తీరును కొలుస్తారు. మిణుగురు పురుగులో వెలుగునిచ్చే లూసిఫెరిన్, లూసిఫెరేజ్ అనే పదార్థాలు ఏటీపీ తగిలితే కాంతినిస్తాయి. వీటిని కలిపినప్పుడు, కణికల నుండి ఏటీపీ ఎంత వచ్చిందో కాంతిని బట్టి తెలుస్తుంది. సాంద్ర కణికలను లెక్కించడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వాడతారు.

== మందుల ప్రభావం ==

ఫలకికల చర్య ప్రాణాన్ని కాపాడుతుంది. కాని అదే చర్య గుండె ధమనిలోని కొవ్వు పొర చిట్లిన చోట జరిగితే గుండెపోటు, మెదడు ధమనిలో జరిగితే పక్షవాతం రావచ్చు. అందుకే ఫలకికల పిలుపును తగ్గించే మందులు వాడతారు.

* '''ఆస్పిరిన్''' థ్రాంబాక్సేన్ తయారీని ఆపుతుంది. దీని వలన బలహీన ప్రేరణలకు కణికలు తెరుచుకోవడం తగ్గుతుంది. కేంద్రకం లేని ఫలకిక దెబ్బతిన్న ఎంజైమును తిరిగి తయారు చేసుకోలేదు. అందువలన ఆస్పిరిన్ ప్రభావం ఆ ఫలకిక జీవితాంతం, అనగా 7 నుండి 10 రోజులు, ఉంటుంది.
* '''క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్''' ఏడీపీ గ్రాహకమైన పీ2వై12ను మూసివేస్తాయి. కణికల నుండి ఏడీపీ వచ్చినా దాని పిలుపు తగినంతగా వినిపించదు.

గుండె రక్తనాళాలలో స్టెంటు అమర్చుకున్నవారు ఈ మందులను వైద్యుని సలహా లేకుండా మానరాదు. శస్త్రచికిత్సకు ముందు వీటిని వాడుతున్న సంగతి తప్పక చెప్పవలెను.

== గుంటూరు, ప్రకాశం మైదానాలలో ==

పత్తి, మిర్చి పండే ఈ మైదానాలలో ఫలకికల గురించి ప్రజలు వినే సందర్భాలు ముఖ్యంగా రెండు.

=== రక్తపింజరి కాటు ===

పత్తి, మిరప చేలలో పనిచేసేవారికి ఉన్న ప్రమాదాలలో రక్తపింజరి కాటు ఒకటి. ఈ పాముకు ఆంగ్లంలో పాట్రిక్ రసెల్ పేరు పెట్టారు. ఈ స్కాట్లాండు వైద్యుడు 18వ శతాబ్దం చివరలో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. 1796లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ పామును కాటుకరేకుల పొడ అనే తెలుగు పేరుతోనే వర్ణించాడు.

రక్తపింజరి విషంలో పదవ కారకాన్ని, ఐదవ కారకాన్ని నేరుగా ప్రేరేపించే ఎంజైములు ఉన్నాయి. గాయం లేకుండానే, గాయమైనట్లు శరీరమంతటా థ్రాంబిన్ తయారవుతుంది. ఫైబ్రినోజన్ అంతా ఖర్చైపోతుంది, ఫలకికలు కూడా తగ్గవచ్చు. చివరికి నిజంగా గాయమైన చోట గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్ళ నుండి, సూది గుచ్చిన చోటు నుండి రక్తం కారుతుంది. ఇదే విషాన్ని అతి పలుచన చేసి రక్తస్రావాన్ని ఆపడానికి పైపూతగా 1934లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే వైద్యులు ఇంగ్లండులో వాడడం విశేషం.

ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నదని గ్రహిస్తారు. దీనికి అసలైన చికిత్స విషవిరుగుడు మందు. విషం పనిచేస్తుండగా ఫలకికలను ఎక్కించినా, అవి కూడా ఖర్చైపోతాయి. కాటు పడిన చోట కత్తితో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయరాదు. రక్తం గడ్డకట్టని స్థితిలో కోసిన గాయమే ప్రాణాంతకం కావచ్చు. కాటు పడిన అవయవాన్ని కదల్చకుండా, రోగిని వెంటనే విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

=== డెంగీ జ్వరం ===

వానాకాలంలోను, ఆ తరువాతి నెలలలోను డెంగీ జ్వరం వ్యాపించినప్పుడు ఫలకికల సంఖ్యే అందరి నోటా వినిపిస్తుంది. నీటి ఎద్దడి వలన తొట్లలో, డ్రమ్ములలో నీరు నిల్వ ఉంచుకొనే ఊళ్ళలో పగటిపూట కుట్టే ఏడిస్ దోమలు పెరుగుతాయి.

డెంగీలో మజ్జలో తయారీ మందగించడం, రక్తంలో ఫలకికలు నశించడం అనే రెండు కారణాల వలన సంఖ్య పడిపోతుంది. మిగిలిన ఫలకికలలో కూడా చాలావరకు ముందే మేల్కొని, కణికలలోని సరుకును వదులుతూ ఉంటాయి. అయినా డెంగీలో పెద్ద ప్రమాదం రక్తనాళాల నుండి ప్లాస్మా బయటికి కారిపోవడం. జ్వరం తగ్గుముఖం పట్టే రోజులలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. కనుక జ్వరం తగ్గిందని అశ్రద్ధ చేయరాదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత, మూత్రం తగ్గడం ప్రమాద సూచనలు.

రక్తస్రావం లేనప్పుడు సంఖ్య 10,000 కన్న తక్కువైతే ఫలకికలు ఎక్కించడాన్ని వైద్యులు పరిశీలిస్తారు. అంతకన్న ఎక్కువ ఉండి, రక్తస్రావం లేనివారికి సాధారణంగా అవసరం ఉండదు. జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడరాదు. అవి మిగిలి ఉన్న కొద్ది ఫలకికల పనిని కూడా దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మాత్రం తగిన మోతాదులో వాడవచ్చు. బొప్పాయి ఆకు రసం వలన సంఖ్య కొంత పెరిగిందని కొన్ని పరిశీలనలు చెప్పినా, దాని వలన ప్రాణాపాయం తగ్గుతుందని రుజువు కాలేదు. ఆ రసం మీద ఆధారపడి ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేయడం ప్రమాదకరం.

== రక్తనిధిలో ఫలకికల నిల్వ ==

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగులలో మిరపకాయలు నెలల తరబడి రంగు చెడకుండా ఉంటాయి. ఎర్ర రక్తకణాలను కూడా చల్లగానే ఉంచుతారు. సాధారణంగా ఫలకికలకు మాత్రం చల్లదనం పనికిరాదు. చల్లబరచిన ఫలకికల ఆకారం, ఉపరితలం మారిపోతాయి. శరీరంలోకి ఎక్కించిన తరువాత వాటిని కాలేయం త్వరగా తొలగిస్తుంది. అందువలన 20 నుండి 24 డిగ్రీల సెల్సియస్ వద్ద, మెల్లగా ఊపుతూ ఉంచుతారు. ఈ విధంగా సాధారణంగా 5 రోజులు మాత్రమే నిల్వ ఉంటాయి. ఈ ఉష్ణోగ్రతలో సూక్ష్మక్రిములు పెరిగే ప్రమాదం ఉండడం ఇందుకు ముఖ్య కారణం. నిల్వ కాలంలో కణికలు కూడా కొద్దికొద్దిగా తెరుచుకొని పదార్థాలను కోల్పోతూ ఉంటాయి. గాదె నిండుగా ఉన్న తాజా ఫలకికలు రోగికి అందాలంటే, ఎప్పటికప్పుడు రక్తదానం చేసేవారు ఉండవలసినదే. ఏడాదికొకసారి పెద్ద శిబిరం పెట్టి నిల్వ చేసుకొనే వీలు వీటికి లేదు.

== ఇవి కూడా చూడండి ==

* రక్తం
* రక్తము గడ్డకట్టుట
* ఎముక మజ్జ
* డెంగీ జ్వరం
* రక్తపింజరి
* యల్లాప్రగడ సుబ్బారావు
* రక్తదానం